పగటి దివిటీ

మా ఇంట్లో ఒక పాత ఆల్బం ఉంది. అట్ట ఊడిపోయింది. పేజీల మధ్య వేసిన పల్చటి కాగితం పసుపుపచ్చగా మారిపోయింది. అందులో 1996 సంక్రాంతి సెలవుల్లో గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున నేను తీసిన ఫొటో ఒకటుంది. సముద్రం చక్కగా పడింది. నురగ పడింది. దూరాన ఒక తెరచాప పడవ కూడా పడింది. వాటి ముందు మా పెద్దనాన్న, పెద్దమ్మ నిలబడి ఉన్నారు. ఉన్నారని నేను చెబితే మీరు నమ్మవలసిందే, ఎందుకంటే ఇద్దరి మొహాలూ బొగ్గుతో అలికినట్టున్నాయి.

పెద్దనాన్న 2009లో పోయారు. వాళ్ళిద్దరూ పక్కపక్కన ఆరుబయట నిలబడి తీయించుకున్న ఫొటో అదొక్కటే. ఆ మొహాన్ని ఎలాగైనా పైకి తేవాలని నెగెటివు పట్టుకుని బ్రహ్మపురంలో ఒక స్టూడియోకి, బెంగుళూరులో మరో రెండు స్టూడియోలకి తిరిగాను. ఒకాయన కష్టపడి తెల్లగా ప్రింటు వేసి ఇచ్చాడు. నల్లటి మొహం బదులు బూడిద రంగు మొహం వచ్చింది. కళ్ళూ లేవు, ముక్కూ లేదు. "నెగెటివులో పడనిది నేనెక్కణ్ణించి తెచ్చేదండీ?" అన్నాడు పాపం. తప్పు ఆయనది కాదు. ఆ రోజు కెమెరా పట్టుకున్నది నేను.

ఈ మధ్య పెద్దమ్మ దగ్గరనుంచి కబురొచ్చింది. మా అన్నయ్య పుణెలో ఉంటున్నాడు, ఆవిణ్ణి అక్కడికి తీసుకుపోతున్నాడు. ఆవిడకిప్పుడు ఎనభై నాలుగేళ్ళు. బ్రహ్మపురంలో ఇంత పెద్ద ఇంట్లో ఒంటరిగా ఎన్నాళ్ళుంటుంది? ఇల్లు అద్దెకిచ్చేస్తున్నారు. వెళ్ళేలోగా ఒక్కసారి గోపాల్‌పూర్ సముద్రం, రంభ చెరువు చూసి రావాలని ఆవిడ కోరిక. ఫోనులో నాతో అన్నమాట మాత్రం ఇది: "ఒరే, ఈసారైనా మొహం అగుపడేటట్టు తియ్యరా. పుణెలో సముద్రం లేదట కదా."

అందుకని ఫిబ్రవరి నెలాఖరున సెలవు పెట్టి బయలుదేరాను. సంచిలో కెమెరాతోబాటు అరచేతిలో పట్టే చిన్న ఫ్లాష్ ఒకటి పెట్టుకున్నాను. కెమెరా నెత్తిన బిగించే ఫ్లాషే అది. కాని నేను దాన్ని కెమెరా మీద పెట్టను. విడిగా, పక్కన నిలబడ్డ మనిషి చేతికిస్తాను. వెన్నెల లాంటి ఆ చిన్న వెలుగు కోసమే ఈ వ్యాసం.

తూర్పున సముద్రం

గోపాల్‌పూర్ బ్రహ్మపురానికి పదిహేను పదహారు కిలోమీటర్ల దూరం. గంజాం జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకి ఆ ఊరి పేరు చెబితే ఒకటే జ్ఞాపకం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. ఒకప్పుడు ఈ రేవునుంచి రంగూన్‌కి ఓడలు వెళ్ళేవి. కూలికోసం, వ్యాపారంకోసం మన వాళ్ళెందరో ఇక్కడ ఓడెక్కారు. మా పెద్దనాన్నగారి నాన్న కూడా వాళ్ళలో ఒకరని ఇంట్లో చెప్పుకునేవారు. అందుకే కాబోలు, పెద్దనాన్న ఏటా ఒక్కసారైనా ఈ ఒడ్డుకి వచ్చి, కాసేపు నిలబడి, మాట్లాడకుండా ఇంటికి వచ్చేవారు.

ఇక్కడి సంగతి ఫొటోలు తీసేవాళ్ళు ముందు గమనించాలి. మన తూర్పు తీరమంతటా సముద్రం తూర్పునో ఆగ్నేయాననో ఉంటుంది. పొద్దున్న సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. సముద్రం వెనకాల పడాలని మనిషిని నీళ్ళ ముందు నిలబెడతాం. అంటే సూర్యుడు ఆ మనిషి వీపు మీద ఉంటాడు. మొహం నీడలో ఉంటుంది. కెమెరాకి మన పెద్దమ్మ ఎవరో తెలియదు. దానికి కనిపించేది ముప్పాతిక వంతు మెరిసే ఆకాశం, నీళ్ళు. "అబ్బో, ఎంత వెలుగో!" అనుకుని అది కన్ను చికిలిస్తుంది. ఆకాశం సరిగ్గా వస్తుంది, మొహం మసైపోతుంది. 1996లో నాకు జరిగినదిదే. ఒక్క గోపాల్‌పూర్ అనేమిటి, పూరీలోను, మద్రాసు మెరీనాలోను పొద్దుటిపూట ఇదే కథ. బొంబాయి, గోవా వైపు సముద్రం పడమట గనుక అక్కడ సాయంత్రాలు ఈ చిక్కు వస్తుంది.

దీనికి మందులు నాలుగున్నాయి. ఒకటి, మనిషిని అటు తిప్పి సూర్యుడికి ఎదురుగా నిలబెట్టడం. మొహం తెల్లగా వస్తుంది, కాని కళ్ళు చికిలిస్తారు, వెనక సముద్రం బదులు టీ దుకాణం పడుతుంది. రెండు, మొహానికి సరిపోయేలా కెమెరాలోకి వెలుగు ఎక్కువ రానివ్వడం. మొహం వస్తుంది, ఆకాశం, సముద్రం సున్నం కొట్టినట్టు తెల్లగా పోతాయి. మూడు, కెమెరా మీదనే ఫ్లాష్ పెట్టి కొట్టడం. మొహం వస్తుంది, సముద్రం వస్తుంది. కాని వెలుగు కెమెరా నిలబడ్డ చోటునుంచే తిన్నగా పోతుంది గనుక మొహంలో నీడలుండవు. ముక్కు చప్పిడిగా, మనిషి అట్టముక్కలా కనిపిస్తారు. కళ్ళజోడుంటే అద్దాల్లో రెండు తెల్లటి చుక్కలు మెరుస్తాయి.

నాలుగోది ఆ ఫ్లాష్‌నే తీసి పక్కకి, కాస్త ఎత్తుగా పట్టుకోవడం. అప్పుడు వెలుగు కిటికీలోంచి వచ్చినట్టు ఒక వైపునుంచి వస్తుంది. ఒక చెంప వెలుగుగా, రెండో చెంప కాస్త మెత్తటి నీడగా ఉంటుంది. మన కంటికి తెలిసిన మొహం అదే.

పట్టపగలు దీపమా?

తెల్లవారుజామున అయిదింటికి ఆటోలో బయలుదేరాం. పెద్దమ్మ, నేను, మా చెల్లెలి కొడుకు. కాలేజీలో చదువుతున్న కుర్రాడు వాడు, ఫ్లాష్ పట్టుకునే ఉద్యోగం వాడిది. పెద్దమ్మ బ్రహ్మపురం పట్టుచీర కట్టుకుంది. మన దేవాంగుల మగ్గాల మీద నేసిన చీర. గుడి గోపురాలు వరసగా పేర్చినట్టుండే కుంభం అంచు దానికి. కాలికి నొప్పి అని చేతికర్ర కూడా తెచ్చుకుంది గాని, ఇసుకలో దిగాక దాన్ని నా చేతికిచ్చేసింది.

ఆరుంబావు ప్రాంతంలో సూర్యోదయమయింది. దీపస్తంభం వెనక మిగిలిపోయింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఈ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి పెద్దమ్మ బ్రహ్మపురం ఇంట్లో పూజ గదిలో కూచుని తలుపులు ఊగుతుంటే రామనామం చెప్పుకుందట. "ఇదే సముద్రమేట్రా అదంతా చేసింది!" అంది నురగ పాదాల దగ్గరికి వచ్చినప్పుడు.

మా వాడు సంచిలోంచి ఫ్లాష్ తీశాడు. పెద్దమ్మ దానికేసి, లేచిన సూర్యుడికేసి మార్చి మార్చి చూసింది.

"ఏట్రా, పట్టపగలు దీపమెందుకు? పూర్వం జమీందార్లకి పట్టేవారు పగటి దివిటీ. నేనేటి, జమీందారిణినేటి?"

ఆవిడన్నది నిజమే. పగటి దివిటీ అంటే వెలుగు కోసం కాదు, అదొక మర్యాద. రాజులిచ్చే బిరుదుల్లో, మన్ననల్లో అదీ ఒకటి. మా మేనల్లుడు వెంటనే ఫ్లాష్ పైకెత్తి, వంగి, "దయచేయండి దొరసానీ" అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వును తీయాలని నేను గబగబా మీట నొక్కాను. అలా నొక్కడంలోనే మొదటి తప్పు చేశాను.

మూడు తప్పులు, ఒక లెక్క

మొదటి ఫొటోలో పైభాగాన ఫ్లాష్ వెలుగు పడింది. కింది భాగాన మాత్రం అడ్డంగా గీత గీసి నీడ పరిచినట్టుంది. కారణం చెబుతాను. కెమెరాలో షట్టరు అంటే రెండు తెరలు. మొదటి తెర తొలగుతుంది, వెలుగు లోపలికి వస్తుంది, రెండో తెర వచ్చి మూసేస్తుంది. నిదానంగా తీసేటప్పుడు ఒక క్షణం పాటు కిటికీ పూర్తిగా తెరిచి ఉంటుంది. ఫ్లాష్ ఆ క్షణంలోనే వెలగాలి. మరీ వేగంగా తీస్తే మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండోది బయలుదేరిపోతుంది. అప్పుడు ఫ్లాష్ వెలుగు కొంత భాగానికే అందుతుంది. చాలా కెమెరాలకి ఈ హద్దు సెకనులో 200వ వంతో, 250వ వంతో ఉంటుంది. పాత ఫిల్ము కెమెరాల్లో 60, 125వ వంతు దగ్గరే ఆగేది. దీన్నే సింక్ స్పీడు అంటారు. నా కెమెరా తనంతట తాను 500వ వంతు ఎంచుకుంది, నేను చూసుకోలేదు. హద్దు దాటి వేగంగా తీసే పద్ధతి కొన్ని ఫ్లాష్‌లలో ఉంది గాని, అందులో ఫ్లాష్ బలం బాగా తగ్గిపోతుంది.

వేగాన్ని 200వ వంతుకి దింపాను. ఎపర్చరు 8, ఐ.ఎస్.ఓ. 100. ముందు ఫ్లాష్ లేకుండానే ఒక ఫొటో తీశాను. సముద్రం, ఆకాశం నాకు నచ్చినట్టున్నాయి. మొహం నల్లగానే ఉంది. అలాగే ఉండాలి. ముందు వెనకటి దృశ్యాన్ని సరిచేసుకుని, తరువాత మొహానికి వెలుగు పెట్టుకోవడం దీనిలో కిటుకు.

తరువాత ఫ్లాష్‌ని పూర్తి బలంతో వెలిగించి తీశాను. అది రెండో తప్పు. పెద్దమ్మ క్యాలెండరులోంచి కత్తిరించి సముద్రం మీద అతికించిన బొమ్మలాగ వచ్చింది. పట్టు అంచు తెల్లగా మండిపోయింది. ప్రతి ఫ్లాష్‌కి ఒక గైడు నెంబరుంటుంది. దాన్ని మీటర్లలో దూరంతో భాగిస్తే ఎపర్చరు వస్తుంది. నా ఫ్లాష్ గైడు నెంబరు 36. మా వాడు రెండు మీటర్ల దూరంలో ఉన్నాడు. 36ని 2తో భాగిస్తే 18. నాకు కావలసింది 8. అంటే అవసరానికి నాలుగైదు రెట్లు ఎక్కువ వెలుగు పడుతోందన్నమాట. బలాన్ని నాలుగో వంతుకి తగ్గిస్తే గైడు నెంబరు సగమవుతుంది, అంటే 18. దాన్ని 2తో భాగిస్తే 9. దాదాపు సరిపోయింది. లెక్కలంటే భయపడేవాళ్ళు ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు: ఫ్లాష్ దూరం రెండింతలైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతవుతుంది. అందుకే పట్టుకున్న మనిషి ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఫొటో మారిపోతుంది.

మూడో తప్పు కళ్ళజోడు. ఫ్లాష్ మొహం ఎత్తునే ఉంటే అద్దాల్లో మెరుపు కనిపించింది. వెలుగు ఏ కోణంలో తగిలితే ఆ కోణంలోనే తిరిగి వెళుతుంది గనుక, మా వాణ్ణి చెయ్యి బాగా పైకెత్తి, మరో రెండడుగులు పక్కకి జరగమన్నాను. మెరుపు అద్దాల్లోంచి జారి కిందికి పోయింది. పట్టు అంచు మెరుపు కూడా తగ్గింది. ఫ్లాష్ ముందు ఒక తెల్లటి పల్చని గుడ్డ కట్టాం. అప్పుడు వెలుగు కొంత పోయింది, కాని నీడల అంచులు మెత్తబడ్డాయి. చాలామంది తెల్ల గొడుగు వాడతారు. సముద్రపు గాలికి గొడుగు పట్టుకోవడం మాత్రం మా వాడి వల్ల కాదు.

ఇందులో తెలుసుకోవలసిన అసలు మర్మం ఒకటుంది. ఫ్లాష్ వెలుగు కన్నుమూసి తెరిచేలోగా, ఇంకా చెప్పాలంటే సెకనులో వెయ్యో వంతు ప్రాంతంలోనే, అయిపోతుంది. షట్టరు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచినా ఫ్లాష్ వెలుగు పెరగదు, సూర్యుడి వెలుగు మాత్రం పెరుగుతుంది. అంటే సూర్యుడికి షట్టరు ఒక మీట. మొహానికి ఫ్లాష్ బలం, దూరం మరొక మీట. ఎపర్చరు రెండింటికీ కలిపి. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్నట్టు, సూర్యుడికి ఈ చిన్న దీపం తోడు. అది సూర్యుణ్ణి ఓడించాలని చూస్తే ఫొటో చెడుతుంది.

నాలుగో ఫొటో తీసి వెనక తెర మీద పెద్దమ్మకి చూపించాను. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూసింది. తన మొహం గురించి ఏమీ అనలేదు. "సముద్రం పడిందా?" అంది. పడింది. "నురగ?" అదీ పడింది. అప్పుడు తృప్తిగా తలూపింది.

ఉప్పు కుప్పల దగ్గర ఉచితంగా

టిఫిను చేసి, కారు మాట్లాడుకుని రంభకి బయలుదేరాం. ఛత్రపురం దాటి, గంజాం దగ్గర ఋషికుల్య నది వంతెన దాటితే హుమ్మా వస్తుంది. రోడ్డు పక్కన ఉప్పు మళ్ళు, తెల్లటి ఉప్పు కుప్పలు. ఎండ తొమ్మిదిన్నరకే చురుక్కుమంటోంది. పెద్దమ్మ కారు ఆపించి దిగింది. చిన్నప్పుడు ఇక్కడి ఉప్పు బస్తాలు ఎడ్లబళ్ళ మీద రావడం గురించి చెప్పింది.

మా మేనల్లుడు ఫ్లాష్ తీయబోయాడు. వద్దన్నాను. పెద్దమ్మ సూర్యుడికి వీపు పెట్టి, ఉప్పు కుప్పకి ఎదురుగా నిలబడింది. ఎండ కుప్ప మీద పడి వెనక్కి వచ్చి ఆవిడ మొహం మీద మెత్తగా పరుచుకుంది. ఒక్క మీట కూడా తిప్పనవసరం లేకపోయింది. తెల్లటి గోడ, ఆరేసిన పంచె, ఇసుక దిబ్బ, ఇవన్నీ దేవుడిచ్చిన ఫ్లాష్‌లే. సంచిలోంచి పరికరం తీసేముందు చుట్టూ ఒకసారి తెల్లటిదేమైనా ఉందా అని చూడటం మంచి అలవాటు.

రంభ చిలికా సరస్సుకి దక్షిణపు కొస. ఉప్పునీరు, మంచినీరు కలిసిన ఈ పెద్ద సరస్సు 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. మన దేశంనుంచి మొట్టమొదట ఆ జాబితాలో చేరినవాటిలో ఇదొకటి. రంభ దగ్గర తూర్పు కనుమల కొండలు నీటి అంచుదాకా దిగివస్తాయి. మనవాళ్ళు దాన్ని చెరువనే అంటారు. ఎంత పెద్ద సరస్సయినా ఇంటి పక్కన ఉంటే చెరువే కదా.

అప్పటికి మధ్యాహ్నమయింది. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు మరో చిక్కు. కనుబొమల నీడ కళ్ళ గుంటల్లో పడుతుంది. ఎంత అందమైన మొహమైనా జాగారం చేసినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఎండతో పోటీపడాలంటే ఫ్లాష్‌ని పూర్తి బలంతో, అతి దగ్గరనుంచి కొట్టాలి. నాలుగు పెన్సిల్ సెల్సు ఎంతసేపు వస్తాయి? ఒక్కొక్క మెరుపుకీ మధ్య నిరీక్షణ పెరిగిపోతుంది, ఫ్లాష్ చేతిలో వేడెక్కుతుంది. అందుకని పెద్దమ్మని ఒడ్డున చెట్టు నీడలో కూచోబెట్టాను. వెనక మెరిసే నీళ్ళు, నీలం కొండలు. నీడలో ఉన్న మొహానికి కొద్దిపాటి ఫ్లాష్ చాలు. ఎండలో నాలుగు ఫొటోలకి అయ్యే సెల్సు నీడలో నలభై ఫొటోలకి వస్తాయి. పైగా ఎనభై నాలుగేళ్ళ మనిషిని ఫొటో కోసం ఎండలో నిలబెట్టడం ఏం న్యాయం?

నీళ్ళ మీద పక్షులున్నాయి. చలికాలంలో వచ్చినవి ఇంకా కొన్ని వెళ్ళలేదు. మా వాడు వాటి మీద ఫ్లాష్ కొట్టమంటావా మామయ్యా అని అడిగాడు. వంద గజాల దూరంలో ఉన్న పక్షికి ఈ వెలుగు చేరనే చేరదు. చేరేంత దగ్గరికి వెళితే పక్షి ఉండదు.

దీపం ఆర్పవలసిన చోటు

తిరుగు ప్రయాణంలో పొద్దు వాలుతుండగా ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆగాం. ఇక్కడి ఇసుకతిన్నెల మీదికి ఏటా చలికాలం చివర, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలూ లక్షలుగా ఒక్కసారే వచ్చి గుడ్లు పెడతాయి. అన్ని ఏళ్ళూ ఒకేలా రావు, కొన్నేళ్ళు అసలు రావు. ఈ చోటు పరిశోధకుల దృష్టికి వచ్చింది 1994లో. ఊళ్ళో జాలర్లకి మాత్రం తాతల నాటినుంచి తెలుసు.

ఆ సాయంత్రం తాబేళ్ళు లేవు. తడి ఇసుక, పడవలు, ఆరబెట్టిన వలలు. అక్కడ కాపలా ఉన్న అటవీశాఖ కుర్రాడు మా వాడి చేతిలో ఫ్లాష్ చూసి గబగబా వచ్చాడు. "చీకటి పడ్డాక దీపం వెలిగించకండి బాబూ. టార్చి కూడా వద్దు" అన్నాడు ఒరియా కలిసిన తెలుగులో.

ఎందుకో అతను చెప్పాడు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తాబేలు వెలుగు చూస్తే బెదిరి, గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది. ఏడెనిమిది వారాల తరువాత పిల్లలు ఇసుకలోంచి బయటికి వస్తాయి. రాత్రిపూట నేల కంటే సముద్రం మీద ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుంది. ఆ వెలుతురే వాటికి దారి. ఒడ్డున దీపం కనిపిస్తే అదే సముద్రమనుకుని అటు పాకిపోతాయి. తెల్లారేసరికి కాకులు, కుక్కలు వాటి పని పడతాయి. పొద్దుణ్ణించి మొహానికి దారి చూపిందని నేను మురిసిపోతున్న ఆ చిన్న వెలుగే ఇక్కడ దారి తప్పిస్తుందన్నమాట.

ఫ్లాష్‌లోంచి సెల్సు తీయించి సంచిలో పెట్టించాను. చీకటి ముసురుకునేదాకా కూచున్నాం. ఫొటో ఒక్కటీ తీయలేదు. పెద్దమ్మ ఇసుక గుప్పిట్లోకి తీసుకుని వేళ్ళ మధ్యనుంచి వదుల్తూ, "వీటికి పుట్టిన ఒడ్డు గుర్తుంటాదట, నిజమేనా?" అంది. పెద్దయ్యాక ఆడ తాబేళ్ళు తాము పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తాయని శాస్త్రజ్ఞులు చెబుతారని అన్నాను. "అయితే ఎక్కడున్నా పరవాలేదు" అంది. తాబేళ్ళ గురించే అందో, ఇంకెవరి గురించి అందో నేనడగలేదు.

మన ఇళ్ళకి నాలుగు మాటలు

ఎలక్ట్రానిక్ ఫ్లాష్ 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీరు ప్రయోగాలతో వాడుకలోకి రాసాగింది. అంతకుముందు మెగ్నీషియం పొడి అంటించి, భగ్గుమనిపించి, పొగలో ఫొటోలు తీసేవారు. ఇప్పుడు కాలేజీ కుర్రవాడి జేబులో పట్టేంత చిన్నది వచ్చింది. ఫిల్ము కాలంలో మన తప్పు తెలియడానికి రీలు పూర్తికావాలి, కడిగించాలి. అప్పటికి ఆ ఒడ్డూ ఆ మనుషులూ దాటిపోయేవారు. ఇప్పుడు తప్పు అక్కడికక్కడే తెర మీద కనిపిస్తుంది. దిద్దుకోవడానికి మనిషి ఇంకా ఎదురుగానే ఉన్నారు. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద వరం లేదు.

కొనేవాళ్ళు బలం చేత్తో తగ్గించుకునే వీలున్న ఫ్లాష్ కొనండి. కెమెరానుంచి దానికి కబురు పంపే ట్రిగ్గరు రేడియోతో పనిచేసేదయితే మేలు. పరారుణ కాంతితో పనిచేసేవి మంచి ఎండలో ఒక్కోసారి పలకవు. తిరిగి ఛార్జి చేసుకునే సెల్సు రెండు జతలుంచుకోండి. సూర్యాస్తమయంలో తీసేటప్పుడు ఫ్లాష్ ముందు నారింజ రంగు పల్చటి కాగితం పెట్టండి, లేకపోతే ఊరంతా బంగారంలా ఉండి మొహం ఒక్కటే పాలిపోయినట్టు వస్తుంది. పురావస్తుశాఖ వారి కట్టడాల్లో స్టాండ్లు పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. అజంతా గుహల్లో ఫ్లాష్ బొత్తిగా నిషేధం. గోపాల్‌పూర్‌లో సైనిక కళాశాల ఉంది, ఆ వైపు కెమెరా తిప్పకండి. ఇవన్నీ కొనలేనివాళ్ళు దిగులు పడనక్కరలేదు. ఒక తెల్ల పంచె విప్పి ఎదురుగా పట్టుకునే మనవడుంటే చాలు.

పెద్దమ్మ పుణె వెళ్ళి నెల దాటింది. గోపాల్‌పూర్ ఫొటోని పెద్దది వేయించి పంపాను. హాల్లో టీవీ పైన తగిలించారట. వచ్చిన ప్రతివాళ్ళకీ ముందు సముద్రం చూపించి, తరువాత తనని చూపిస్తోందని అన్నయ్య చెప్పాడు. దాని పక్కనే 1996 నాటి పాత ఫొటో కూడా కావాలని పట్టుబట్టింది. అందులో మొహాలు లేవు కదమ్మా అంటే, "నాకు అగుపడతాయిలే" అందట.

ఆవిడకి అగుపడతాయి. ఆవిడ మనవలకి అగుపడవు. మీ ఆల్బంలో కూడా ఇలాంటి నల్లటి మొహాలు కొన్ని ఉండే ఉంటాయి. వాటిలో ఇప్పటికీ మన మధ్య ఉన్నవాళ్ళెవరో చూసుకోండి. వచ్చే సెలవుల్లో వాళ్ళని వాళ్ళకిష్టమైన చోటికి తీసుకువెళ్ళి, పక్కన ఒక కుర్రాడిచేత పగటి దివిటీ పట్టించండి. జమీందార్లకి పట్టినప్పుడు మనవాళ్ళకి పట్టకూడదా ఏమిటి?